దెయ్యాల కాళ్ళు

కువైట్
శుక్రవారం మధ్యాహ్నం

అక్కా,

ముందు నీకూ బావకీ నా సలాం. బావ దగ్గు ఎలా ఉంది? దూది ఏకేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోమని నేను చెబితే వినడు, నువ్వు చెబితే అసలే వినడు, నా పిల్ల జరీనా చేత చెప్పించు. నీ మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? మేక ఈనిందా? నేను బాగున్నాను. వేళకి తింటున్నాను, వేళకి పడుకుంటున్నాను. పోయినసారి ఫోటోలో చిక్కిపోయినట్టు కనపడ్డానంటే అది తీసినవాడి చేతగానితనం. నిజంగా బాగానే ఉన్నాను.

నీ ఉత్తరం అందింది. వంటగదిలో నిలబడి చదవడం మొదలుపెట్టి, నేల మీద కూలబడి పూర్తిచేశాను. నువ్వు రాసిన ముక్కలు నాకు కంఠతా వచ్చేశాయి. "ఒసేయ్ సైదా, ఇంక కేసెట్లు పంపబాకే. టేపురికార్డర్లో నీ గొంతు రాంగానే పిల్ల పరుపుల చాటుకి పారిపోతంది. మొన్న నన్నడిగింది, అమ్మ కూడా నాయన మాదిరే సచ్చిపోయిందా పెద్దమ్మా, గొంతొచ్చింది గానీ మనిషి రాలా, దెయ్యమైందా అని."

మనం చెప్పిందే అక్కా. వాళ్ళ నాయన పోయినప్పుడు ఊరెళ్ళాడని చెప్పాం. నేనిక్కడికి వచ్చినప్పుడూ ఊరెళ్ళిందనే చెప్పాం. పిల్ల లెక్కలో రెండూ ఒకటే అయ్యాయి. దానిదేం తప్పు?

అందుకే ఈసారి కేసెట్టు లేదు, కాగితమే. ఇందులోనూ దెయ్యాల గురించే రాయబోతున్నాను, తిట్టకు. ఈ నెలంతా నా కాపురం వాటితోనే.

ఇక్కడ ఎండ విరిగింది. నరసరావుపేట ఎండలే గొప్ప అనుకున్నదాన్ని, ఇక్కడి ఎండలకి దణ్ణం పెట్టాను. ఇప్పుడు పొద్దున పూట గాలి చల్లగా తగులుతోంది, అప్పుడప్పుడూ ఇసక లేస్తుంది. నువ్వు పంపిన గోంగూర పచ్చడి అయిపోయింది. సీసా గోడకి అంటిందీ వేలితో తీసి తిన్నాను. ఎవరైనా ఇటు వస్తుంటే ఇంకో సీసా పంపు, కాస్త కారం ఎక్కువెయ్యి.

నేను పనిచేసే ఇంటివాళ్ళు అమెరికా వాళ్ళని నీకు తెలుసుగా. వాళ్ళ పిల్ల కేటీ మన జరీనా ఈడుదే. అక్టోబరు ఆఖర్న వాళ్ళకి దెయ్యాల పండగ. పిల్లలు వేషాలు కట్టుకుని ఇంటింటికీ వెళ్ళి మిఠాయిలు అడుక్కుంటారు, పీర్ల పండక్కి మన వీధిలోకి పులి వేషాలు వస్తాయి చూడు, అలాగ. ఇంకో వింత, గుమ్మం ముందు గుమ్మడికాయ పెట్టారు. మన షావుకార్లు దిష్టికి కడతారే, అదే అనుకున్నాను. వీళ్ళు దానికి కళ్ళూ పళ్ళూ కోసి, లోపల దీపం కూడా పెట్టారు. లోపలి గుజ్జు పారేస్తుంటే ప్రాణం ఒప్పక నేను పులుసు పెట్టుకున్నాను.

ఈ పండక్కని మేడమ్‌ వాళ్ళ నాన్న అమెరికా నుంచి వచ్చాడు. బాగా పెద్దాయన. నేను తాతా అని పిలిస్తే పలుకుతున్నాడు, అది ఏ భాషో అడగలేదు పాపం. ఆయన పెట్టె విప్పితే బట్టలు సగం, వీడియో కేసెట్లు సగం. అన్నీ పాత భయం సినిమాలు, నలుపూ తెలుపూవి. తన చిన్నతనంలో వాళ్ళ ఊరి హాల్లో అమ్మ చెయ్యి పట్టుకుని చూశాడట.

రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక తాత కిటికీల తెరలు లాగేస్తాడు. బయట పట్టపగలు ఎండ, గదిలో చీకటి. ఏసీ చప్పుడు తప్ప ఇంకేమీ ఉండదు. సోఫాలో తాత, మధ్యలో కేటీ, కింద తివాచీ మీద నేను, ఒళ్ళో మడతపెట్టాల్సిన బట్టలు. మొదటిరోజు ఒక్క చొక్కా కూడా మడత పడలేదు. తెర నిండా పొగమంచు. బావ దూది ఏకుతుంటే గదంతా తెల్లటి నూగు లేచి, అందులోంచి నువ్వు టీ గ్లాసుతో వస్తావు చూడు, అచ్చం అలాగే ఆ మంచులోంచి ఒక అమ్మాయి వచ్చింది. చేతిలో కొవ్వొత్తి, ఒంటి మీద తెల్ల గౌను. మెట్లు దిగుతోంది, దిగుతోంది, ఆ మెట్లు అయిపోవు. తలుపులు వాటంతటవే తెరుచుకుంటున్నాయి. కింద, అద్దంలో నీడ పడని, రక్తం తాగే జమీందారు ఒకడు కాచుక్కూచున్నాడు. నాకు ఆగక, "ఒసేయ్ పోబాకే, వాడు ఆడనే ఉన్నాడే!" అని అరిచేశాను. తాత అదిరిపడ్డాడు. కేటీ పడీపడీ నవ్వింది. ఆ రోజు నుంచి ఎవరైనా తలుపు వైపు నడిస్తే చాలు, కేటీ కూడా "పోబాకే!" అని అరుస్తోంది. వాళ్ళమ్మకి ఏం నేర్పానో అర్థం కావడం లేదు.

మొదట్లో భయపడ్డాను గానీ, తర్వాత తర్వాత అదొక మత్తులా పట్టుకుంది. కొన్నిట్లో మాటలే లేవు. బొమ్మ ఆగి అక్షరాలొస్తాయి, తాత చదువుతాడు, నాకు సగం అర్థమవుతుంది, మిగతా సగం నేనే కల్పించుకుంటాను. అవయ్యాక కేటీ కోసం పాత బొమ్మల సినిమాలు పెడతాడు. ఒకదాన్లో దెయ్యాలు వానలో తడిసిపోయి, తమని తామే పిండుకుని దండెం మీద ఆరేసుకున్నాయి! ఒక బక్క పిల్లి వచ్చి వాటికి క్లిప్పులు పెడుతుంది. నేను కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాను. మన దొడ్లో దండెం మీద బొంతలు ఊగుతుంటే జరీనా జడుసుకునేది కదా, దానికి ఈ బొమ్మ చూపిస్తే ఎంత బాగుండును అనిపించింది.

ఒకరోజు తాత టీవీ వైపు చూపించి, "వీళ్ళెవ్వరూ ఇప్పుడు లేరు. అందరూ ఎప్పుడో పోయారు" అన్నాడు. మామూలుగానే అన్నాడు, టీ తాగుతూ. తెర మీద ఆ అమ్మాయి అప్పుడు కూడా మెట్లు దిగుతోంది, ఎవరినో పేరు పెట్టి పిలుస్తోంది. గొంతుంది, మనిషి లేదు. అప్పటికి నీ ఉత్తరం వచ్చి రెండో రోజు. జరీనా అన్నదాంట్లో తప్పేముందక్కా? అదీ ఇలాంటి గొంతే కదా విన్నది. నేను బట్టలు ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయాను.

పండగ రోజు పెద్ద రభస చేశాను, నీకు చెప్పకపోతే నా కడుపు ఉబ్బుతుంది. కేటీకి దెయ్యం వేషం కట్టాలని మేడమ్‌ తెల్ల దుప్పటి ఇచ్చింది. కళ్ళ దగ్గర చిల్లులు పెట్టి కుట్టాను. పరుపులు కుట్టిన చెయ్యికి అదెంత పని. తీరా పిల్ల దాన్ని తల మీంచి కాళ్ళదాకా కప్పుకుని నా ముందు నిలబడింది. జరీనా నాయన శవానికి కఫన్ గుడ్డ చుట్టినప్పుడు చూసిందే మళ్ళీ చూసినట్టయింది. బతికున్న పిల్లకి ఇదేం ముసుగని ఒక్క ఊపున లాగేశాను. కేటీ ఏడుపు, మేడమ్‌ కంగారు. నాకొచ్చిన ఇంగ్లీషు ముక్కలన్నీ ఆ సమయానికి ఎటో పోయాయి. తాత మాత్రం లేచి వెళ్ళి, కత్తెర తెచ్చి నా చేతికి ఇచ్చాడు.

మోకాళ్ళ దాకా కత్తిరించి అంచు కుట్టేశాను. కిందనుంచి కేటీ ఎర్ర బూట్లు కనపడుతున్నాయి. దానికి కోపం. కాళ్ళు కనపడితే అందరూ నన్ను గుర్తుపడతారు అంది. నేను, "గుర్తుపట్టాలనే తల్లీ" అన్నాను. ఊరుకుంటానా, పిల్ల తిరిగొచ్చాక ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి దిష్టి తీసి పొయ్యి మీద వేశాను. ఇల్లంతా ఘాటు. తాత దగ్గు, మేడమ్‌ తుమ్ములు, అందరం ఇసకలోకి పరిగెత్తాం. ఈ పండక్కి అసలైన దెయ్యం నువ్వేనంది మేడమ్‌, ముక్కు తుడుచుకుంటూ.

ఆ ఎర్ర బూట్లు చూశాకే నాకు కోటప్పకొండ తిరనాళ్ళ గుర్తొచ్చింది. నువ్వు మర్చిపోయుండవు. గుడారంలో బల్ల మీద తల ఒక్కటే ఉన్న పిల్ల, ఒళ్ళు లేదు, కళ్ళు తిప్పుతూ మాట్లాడేది. నేను ఓణీలో మొహం దాచుకుని ఏడిస్తే, నువ్వు నా రెక్క పట్టుకుని గుడారం వెనక్కి లాక్కెళ్ళావు. అక్కడ ఆ పిల్ల కాళ్ళు బారజాపుకుని బఠాణీలు తింటోంది. "చూడవే, ఎంతెంత కాళ్ళున్నయ్యో!" అన్నావు. ఆమె మనకీ గుప్పెడు పెట్టింది. అంతే, నా భయం పోయింది. ఎవరెంత చెప్పినా పోనిది, కాళ్ళు చూడగానే పోయింది.

ఇప్పుడు అసలు సంగతి. మేడమ్‌ ఇంకో రెండేళ్ళు ఉండమంది. మంచి మనుషులు, జీతం పెంచుతామన్నారు, నీ ఉత్తరం రాకపోతే సరే అనేదాన్నే. లేదని చెప్పేశాను. ఈ చలి పోయేలోగా పంపించేయమన్నాను. మేడమ్‌ ఇంకోసారి ఆలోచించుకోమంది గానీ చివరికి టిక్కెట్టు సంగతి చూస్తామంది. కేటీకి చెబితే నా కొంగు పట్టుకుని, "పోబాకు సైదా" అంది. అంత తెలుగు ఎందుకు నేర్పానా అనుకున్నాను. ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను. కానీ నా పిల్ల నా గొంతు వింటే పారిపోతుంటే, ఇక్కడ నేను ఎవరి పిల్లని నిద్రపుచ్చను?

శివరాత్రి లోపే వచ్చేస్తాను. ఈసారి తిరనాళ్ళకి ముగ్గురం వెళదాం. జరీనాని ముందు గుడారం వెనక్కే తీసుకెళదాం.

ఒక పని చెయ్యక్కా. ఈ కాగితం వెనక నా కుడి పాదం పెట్టి చుట్టూ పెన్సిలుతో గీశాను, చెప్పుల కొలతకి గీస్తామే, అలాగ. పొద్దుటి పూట, ఎండలో, వాకిట్లో పరిచి జరీనాకి చూపించు. దెయ్యాలకి పాదాలు వెనక్కి తిరిగుంటాయని మన వీధిలో పిల్లలందరికీ తెలుసు. వేళ్ళు ముందుకే ఉన్నాయో లేదో దాన్నే చూడమను. బొటనవేలి గోరు సగమే గీశాను. కుట్టుమిషను పడి విరిగిన గోరు. గోరింటాకు నూరినప్పుడల్లా జరీనా ముందు ఆ గోరుకే పెట్టేది, "దీనికి దెబ్బ తగిలింది, దీనికి ఎక్కువ పెట్టాల" అని. అది నా పాదమేనని పిల్లకి తెలుస్తుంది. తర్వాత దాని పాదం నా పాదంలో పెట్టించి చుట్టూ గియ్యి. చెప్పులు తేవాలి కాబట్టి ఆ కొలత ఇంకో కాగితం మీద ఎక్కించి నాకు పంపు. ఇది మాత్రం పంపొద్దు, దాని దగ్గరే ఉండనీ.

బావకి మళ్ళీ సలాం చెప్పు. మీ ఇద్దరి దువా నా మీద ఉంటే విమానం అదే ఎగురుతుంది. నా గురించి దిగులు పెట్టుకోకు, బాగానే ఉన్నాను.

నేనొచ్చిన రోజు, అదిగో మీ అమ్మ అని దాన్ని నా మీదకి తొయ్యకు. అది పరుపుల చాటున దాక్కుంటే దాక్కోనీ. నేనూ పిలవను, నోరు విప్పను. ఆ కాగితం తెచ్చి గడప మీద పెట్టమను, చాలు. నేను ముందు అందులో కాలు పెట్టి, పాదం సరిపోయిందని జరీనా చెప్పాకే ఇంట్లోకి వస్తాను.

నీ చెల్లెలు,
సైదాబీ