కుట్లు విప్పిన తోక

కడప, 2008 మే, బుధవారం

మా ఇంట్లో నేనేం చేసినా పెళ్లి కోసమే అనుకుంటారు. నాన్న అంగడిలోంచి ఆకుపచ్చ మెరుపు గుడ్డ తెచ్చుకుని, ఇంటర్నెట్‌లో చూసినట్టే, రెండు కాళ్లూ ఒకే గొట్టంలో ఇమిడేలా చేపతోక కుట్టుకున్నాను. పోయిన వారం స్విమ్మింగ్ పూల్‌లో ఆడవాళ్ల వేళకు తొడిగి, నడుముతోనే నీళ్లు తోసుకుంటూ ఆ చివరి దాకా ఈదాను. ఒళ్లు ఎప్పుడూ అంత తేలిక కాలేదు.

ఇవాళ చూస్తే అమ్మ దాని కుట్లు విప్పి, అడుగున జరీ అంచు వేసింది.

"ఆదివారం కర్నూలోళ్లు చూసేకి వస్తాండారు. నువ్వే లంగా కుట్టుకుంటివని సంబరపడితి మే. కాళ్లు ఆడకుంటే కాఫీ యెట్లిస్తావు?"

"అది లంగా కాదుమా, తోక. ఈతకు."

"ఇంటాండారా, తోకంట!"

నాన్న పడీపడీ నవ్వాడు. "బిందెడు నీళ్లకే కొట్టుకుంటాండాం, మా పాప చేపయితాదంట!"

నవ్వితే నవ్వనీ. గుడ్డ తీసుకున్నానని, నేను ఒప్పుకున్నట్టు కర్నూలుకు కబురు కూడా పంపేశారు. నన్నొక మాట అడిగితే ఏం పోయేది? రేపు ఇంకేం చూసి దేనికి ఒప్పుకున్నానంటారో...

జరీ ఊడదీసి, తోక మళ్లీ కుట్టేశాను. ఆదివారం వాళ్లొచ్చే వేళకు నేను పూల్‌లో ఉంటాను.