మలుపు దగ్గర దీపం గూడు

పలియోహోరి,
29 ఆగస్టు 1993.

చెల్లెలు ఫోతినీకి,

మీ అక్క మర్యాంథి ప్రేమతో రాస్తున్న ఉత్తరం. మేమిక్కడ క్షేమం. ఏ ఉత్తరంలోనైనా చెయ్యి దానంతటదే రాసుకుపోయే మాట ఇది. ఈసారి మాత్రం ఒక్కొక్క అక్షరం చూసుకుని మరీ రాస్తున్నాను. మీ బావగారు క్షేమం. కుడికాలికి పిండికట్టు ఉంది, నోటికి మాత్రం ఏ కట్టూ లేదు. మీ ఆయన కూడా క్షేమం. మా పెరట్లో వంకాయన్నది మిగలకుండా చేస్తున్నాడు. అక్కడ వోలోస్‌లో నువ్వూ పిల్లలూ కుశలమని తలుస్తాను.

ఆ రోజు ఫోన్లో నీకేం అర్థమైందో ఆ దేవుడికే తెలియాలి. మీ ఆయన లెఫ్టెరిస్ మొదటిసారి చేసి అన్నయ్య పోయాడని ఏడ్చాడట. రెండోసారి చేసి, పోలేదే, నన్ను తిడుతున్నాడు అని ఇంకా గట్టిగా ఏడ్చాడట. మధ్యలో నువ్వు నల్లగౌను ఇస్త్రీ చేసుకున్నావని విన్నాను. మడతపెట్టి లోపల దాచెయ్యమ్మా. ఫోన్లో అరుపులే తప్ప సంగతి తెలియలేదని నువ్వన్నావు కాబట్టి మొదటి నుంచీ రాస్తున్నాను.

అన్నదమ్ముల గొడవ నీకు కొత్తగా చెప్పాల్సింది కాదు. కానీ నువ్వు విన్నది మీ ఆయన నోట, నేను చూసింది కాఫీ కొట్టు గుమ్మంలోంచి. ఎనిమిదేళ్ళ కిందటిదాకా బడికి సెలవులిస్తే చాలు, ఈ మాస్టార్లిద్దరూ చెరో మోటారుసైకిలూ తీసి కొండలెక్కేవారు. ముందు అన్న, వెనక తమ్ముడు. ఆ వరస ఎవరు పెట్టారో తెలియదు గానీ, వీళ్ళ నాన్న బతికున్నప్పటి నుంచీ అంతే. ఆ వేసవిలో మా ఊరి కిందున్న మలుపులో లెఫ్టెరిస్ అన్నను దాటుకుని ముందుకెళ్ళాడు. ఎదురుగా దుంగల లారీ. వెంట్రుకవాసిలో తప్పింది. ఇద్దరూ కాఫీ కొట్టు ముందు బండ్లాపారు. మీ బావగారు దిగీ దిగగానే, మా కొత్తల్లుడితో సహా ఊరంతా చూస్తుండగా, నలభై ఆరేళ్ళ తమ్ముడి చెంప ఛెళ్ళుమనిపించారు. లెఫ్టెరిస్ హెల్మెట్ పెట్టుకుని వెళ్ళిపోయాడు. అంతే. ఆ తర్వాత మనిద్దరం పండక్కో కార్డు పంపుకోవడమే మిగిలింది.

మీ ఆయన ఏటా ఆగస్టులో ప్రూసోస్ మఠం ఉత్సవానికి ఆ దారినే వెళ్తాడని నీకు తెలుసు. మా ఊరంతటికీ తెలుసు. ఆ బండి చప్పుడు కింది మలుపులో వినబడగానే మీ బావగారు చేతిలో పేకముక్కలు బల్లమీద బోర్లిస్తారు. చప్పుడు ఊరు దాటిపోయాక మళ్ళీ తీస్తారు. ఎవరూ ఏమీ అనరు. ఆ ఆట ఎప్పుడూ ఆయనే ఓడిపోతారు.

ఈ జూన్‌లో ఆయన పదవీ విరమణ చేశారు. పిల్లలు ఇచ్చిన పూలగుత్తి బల్లమీద పడేసి నేరుగా కొట్టంలోకి వెళ్ళి, బండి మీది పట్టా లాగేశారు. కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న బండి అది. వారం రోజులు కొట్టంలోంచి బయటికి రాలేదు. ఒకరోజు పొద్దున్నే గేటు ముందు ఆపి, ఎక్కుతావా అనడిగారు. నా వయసు యాభై ఏడు, నా బరువు నీకు తెలుసు. నీకు మతిపోయిందా మనిషీ అన్నాను. తోడు లేకుండా నాకు బండి నడపడం రాదే అన్నారు. ఆ మాటకు ఎక్కాను.

ఫోతినీ, ఒట్టేసి చెబుతున్నాను, ఇన్నేళ్ళూ వాళ్ళు మనల్ని ఇంట్లో కూర్చోబెట్టి ఈ సుఖమంతా తామే అనుభవించారా అని ఒళ్ళు మండిపోయింది. మొదటి రోజు కళ్ళు మూసుకుని తెలిసిన దేవుళ్ళందరినీ పిలిచాను. రెండో రోజు ఒక కన్ను తెరిచాను. మూడో రోజు వెనక నుంచి వీపు మీద గుద్ది, ఇంకొంచెం వేగంగా పోనిమ్మన్నాను. సరస్సు దాకా వెళ్ళి కాల్చిన చేపలు తిన్నాం. ఒక కనుమలో మేకల మంద దారికడ్డంగా పడుకుంటే, అవి లేచేదాకా మేమూ గట్టుమీద కూర్చున్నాం. వానొస్తే ఒక చిన్న చర్చిలో దూరాం. అక్కడ ముందే ఇద్దరు జర్మన్ కుర్రాళ్ళు తడిసి వణుకుతున్నారు. మన ద్రాక్షసారా ఒక్కో గుక్క పోస్తే, వాళ్ళు మీ బావగారి బండికి దణ్ణం పెట్టినంత పని చేశారు. ఎదురొచ్చే బండ్లవాళ్ళు ఎడమచెయ్యి కిందికి చాపి పలకరిస్తారే, నేనూ చాపడం నేర్చుకున్నాను. అలా చెయ్యి చాపి ఒక పోలీసును కూడా పలకరించాను.

ఒక్కటే నచ్చలేదు. ప్రతి మలుపులోనూ ఆయన వేగం తగ్గించి అద్దంలోకి చూసేవారు. వెనక నేనే కదా ఉన్నది, నన్ను చూడ్డానికి అద్దమెందుకు? అలవాటు అన్నారు. జూలైలో, మన కింది మలుపులోనే, అలా చూస్తూ చూస్తూ ముందున్న కంకర చూసుకోలేదు. బండి పక్కకు జారింది. నేను ముళ్ళపొదలో పడ్డాను, ఇప్పటికీ ఎక్కడో ఒక ముల్లు దొరుకుతూనే ఉంది. ఆయన కాలు బండి కింద విరిగింది. ఇంకో మూర జరిగి ఉంటే లోయలోకే.

లోయ అంచు చూశాను. అక్కడే కూర్చుని పనాయియా మేరీ తల్లికి మొక్కుకున్నాను, ఈ చోటనే దారి పక్కన నీకు దీపం గూడు కట్టిస్తానని. రేకుల పని చేసే త్రిఫోన్ చక్కటిది చేసిచ్చాడు. నీలం రంగు, చిన్న శిలువ, ముందు అద్దం, లోపల తల్లి బొమ్మ, నూనె దీపం.

ఇక్కడే వచ్చింది తిరకాసు. బతికి బయటపడ్డవాడు పెట్టే గూటికీ, పోయినవాడి కోసం ఇంట్లోవాళ్ళు పెట్టే గూటికీ బయటి నుంచి చూస్తే తేడా ఏముంటుంది? రేకు అదే, దీపం అదే. లోపల తల్లి బొమ్మ ఒక్కటే ఉంటే సరేసరి. పక్కన మనిషి ఫోటో కూడా ఉంటే ఇక చేసేదేమీ లేదు, శిలువగుర్తు వేసుకుని ముందుకు పోవడమే. ఈ సంగతి చంటిపిల్లను అడిగినా చెబుతుంది. అలాంటిది మన గూటిలో మీ బావగారి ఫోటో ప్రత్యక్షమైంది. నవ్వుతూ, బండి మీద కూర్చుని ఉన్న ఫోటో. త్రిఫోన్‌కు ఈమధ్య మతిమరుపెక్కువైంది, అలవాటు కొద్దీ పెట్టేసి ఉంటాడని ఊళ్ళో అందరూ అనుకుంటున్నారు. నేనూ అలాగే అనుకుంటున్నాను.

మా ఊరివాళ్ళకేం, నవ్వుకున్నారు. దారినపోయేవాళ్ళే నమ్మారు. పక్క ఊరి నుంచి ఒక ముసలమ్మ పరామర్శకు వచ్చింది, ఆయన ఆత్మశాంతికని గోధుమలు ఉడికించి చక్కెర అద్ది పళ్ళెం నిండా తెచ్చింది. గేటు తీసింది ఆయనే, కర్రల మీద నిలబడి. ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి నీళ్ళు చల్లాల్సొచ్చింది. తన పేరున వండిన కోలివా తనే తిని, చక్కెర తగ్గిందమ్మా అన్నారు మీ బావగారు. ఆ ఫోటో తీయించెయ్యకూడదూ అని ఆవిడంటే, కాలు కుదిరాక నేనే తీస్తాలే, తొందరేముంది అన్నారు.

ఇక ఉత్సవం ముందురోజు. నేను అరుగుమీద చిక్కుళ్ళు వలుస్తున్నాను. ఆయన లోపల మంచం మీద ఒక్కరే పేక ఆడుకుంటున్నారు. కింద ఆ చప్పుడు వినబడింది. ఎప్పటిలాగే పైకెక్కుతోంది. మలుపు దగ్గర ఆగిపోయింది.

ఎంతకీ మళ్ళీ మొదలవలేదు. లోపల పేకముక్కల చప్పుడూ లేదు. నా ఒళ్ళో చిక్కుళ్ళు అలాగే ఉండిపోయాయి. చాలాసేపటికి బండి మొదలైంది, కానీ పైకి కాదు, వచ్చిన దారినే కిందికి. అది పెట్రోలు బంకులో నీకు ఫోన్ చెయ్యడానికని నాకేం తెలుసు? వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడనుకున్నాను. ఇక ఈ జన్మకి వీళ్ళు కలవరని ఆ క్షణంలో నాకు ఖాయమైపోయింది. చిక్కుళ్ళు పక్కనపెట్టి ఏప్రనులో మొహం దాచుకున్నాను.

కాసేపటికి చప్పుడు తిరిగొచ్చింది. మన వీధిలోకి వచ్చింది. మన గేటు ముందు ఆగింది.

మీ ఆయన మొహం నిండా దుమ్ము, దానిమీద కన్నీళ్ళ చారలు. హెల్మెట్ రెండు చేతులతో పొట్టకు అదుముకుని నిలబడ్డాడు. వదినా, నన్ను చావు కబురుకైనా పనికిరానివాణ్ణి చేశారా అన్నాడు. పరాయివాళ్ళకు తెలియాలని గోడలకు చావు కాగితాలు అంటిస్తారే, నాకొక్క ఫోన్ చెయ్యడానికి మీకు చెయ్యి రాలేదా అన్నాడు. నన్ను నోరు తెరవనివ్వలేదు. వాడే చెప్పుకుపోయాడు. అన్నయ్య నన్ను కోపంతో కొట్టలేదు వదినా, ఆ లారీని చూసి భయపడి కొట్టాడు, ఆ రోజే నాకు తెలుసు, చెంప మండుతుండగానే తెలుసు. ఆ మాట చెబుదామని ఏటా ఈ మలుపు దాకా వచ్చేవాణ్ణి. వచ్చి, సిగ్గుపడి, గేరు మార్చి వెళ్ళిపోయేవాణ్ణి. ఇప్పుడు ఎవరికి చెప్పను అన్నాడు.

లోపలి నుంచి ఒక కేక. ఒరేయ్, నీ బండి గొలుసు అంత వదులుగా ఉందేంట్రా, ఊడిపోతే నీ తలకాయ ఎవడు అతికిస్తాడు?

హెల్మెట్ కిందపడి దొర్లుకుంటూ పోయింది. లెఫ్టెరిస్ ద్రాక్షపందిరి గుంజ పట్టుకోకపోతే తనూ పడేవాడు. తర్వాత నన్ను తోసుకుని లోపలికి పరుగెత్తాడు. మీ బావగారు వాణ్ణి చూసి, ఎంతసేపురా ఆ మలుపులో కూర్చోడం, ఎండదెబ్బ తగలదూ అన్నారు. అంతవరకే అనగలిగారు. ఆ తర్వాత ఇద్దరు ముసలాళ్ళూ ఒకరి మెడ మీద ఒకరు పడి ఏడ్చారు. నేను గుమ్మంలో నిలబడి ఏడ్చాను. ఏడుపు అయ్యాక తిట్లు మొదలయ్యాయి. బతికున్నవాడు అక్కడ ఫోటో పెట్టుకుంటాడా, బుద్ధుందా అని వాడు. చచ్చాడనుకుంటే తప్ప అన్న గుమ్మం తొక్కవా, సిగ్గుందా అని ఈయన. చివరికి మీ బావగారు చెంప చూపించి, కొట్టరా, బాకీ తీర్చుకో అన్నారు. లెఫ్టెరిస్ వంగి ఆ గడ్డపు చెంప మీద ముద్దు పెట్టాడు. నేను కాఫీ కలపడానికి వెళ్ళి చక్కెరకు బదులు ఉప్పు వేశాను. ఇద్దరూ తాగేశారు, ఒక్కరికీ తెలియలేదు.

మర్నాడు ఉత్సవానికి వెళ్ళారు. లెఫ్టెరిస్ నడిపాడు. వెనక మీ బావగారు, పిండికట్టు కాలు పక్కకు చాపుకుని, కర్రలు వీపుకు కట్టుకుని. జన్మలో ఎవరి వెనకా కూర్చోని మనిషి! వీధి చివరిదాకా, మెల్లగా పోరా గాడిదా అన్న అరుపు వినబడుతూనే ఉంది. కాఫీ కొట్టులో వాళ్ళంతా లేచి చప్పట్లు కొట్టారు. నేను ఇంటికొచ్చి గోరువెచ్చని నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. ఎనిమిదేళ్ళుగా ఛాతీలో ఏదో బిగపట్టుకుని బతికానని, అది వదిలాకే తెలిసింది. ఆ సాయంత్రం ఎంత హాయిగా నిద్రపోయానంటే, వాళ్ళు తిరిగొచ్చి తలుపు బాదినా లేవలేదట.

మీ ఆయన ఇంకో నాలుగు రోజులుంటానంటున్నాడు. ఉండనీ. నువ్వు మాత్రం ద్రాక్షకోతలకు తప్పకుండా రావాలి. బస్సెక్కకు, బండి వెనక కూర్చునే రా. మొదట కళ్ళు మూసుకో, తర్వాత అదే అలవాటవుతుంది.

పిల్లలకు ముద్దులు. నీకు నా ప్రేమ.

ఇక నిశ్చింతగా ఉన్న
మీ అక్క,
మర్యాంథి

తా.క.: ఇది వేరే కాగితం. పై ఉత్తరం లెఫ్టెరిస్ ఇంటికొచ్చాక చదివి వినిపించు. ఇది నువ్వొక్కదానివే చదువుకుని పొయ్యిలో వెయ్యి.

ఫోటో పెట్టింది త్రిఫోన్ కాదు, నేను. అన్నదమ్ములిద్దరూ చెరో బండి మీద ఉన్న పాత ఫోటో తీసి, మీ ఆయన్ను కత్తిరించి దాచి, మా ఆయన్ను తీసుకెళ్ళాను. బతికున్న మనిషికి అలా చెయ్యడం ఎంత అశుభమో నాకు తెలియక కాదు. తల్లీ, కోపమొస్తే నామీద చూపించు, ఆయన జోలికి పోకు అని చెప్పుకుని, టేపుతో అద్దానికి అతికించి వచ్చేశాను.

వాళ్ళిద్దరూ ఉత్సవం నుంచి వచ్చిన మర్నాడు ఎవరూ చూడకుండా పీకేద్దామని వెళ్ళాను. రాలేదు. చుట్టూ రేకు చట్రం, నాలుగు మూలలా మేకులు. తిన్నగా త్రిఫోన్ దగ్గరికెళ్ళి నిలదీశాను. అతను తల గోక్కున్నాడు. గూటి తలుపు సరిచెయ్యడానికి వెళ్ళినప్పుడే ఫోటో చూశానమ్మా, భయమేసి మాస్టారి దగ్గరికొచ్చాను అన్నాడు. ఎవరో పోకిరీలు టేపుతో అంటించారు, పీకెయ్యనా అని అడిగాడట. మీ బావగారు కిటికీలోంచి కిందికి, ఆ మలుపు వైపు చూశారట. ఉత్సవం ఇంకా ఎన్నాళ్ళుంది అన్నారట. వారం పైనే ఉందని త్రిఫోన్ చెప్పాడట.

అయితే టేపు ఆగదురా, మేకులు కొట్టు అన్నారట.