ఈ బూట్లు మీ కాళ్లకే

వెస్లీ బాబాయ్‌కి,

ఫోన్‌లో అయితే మీరు నన్ను మాట పూర్తి చేయనివ్వరు. అందుకే ఈ ఉత్తరం రాసి, మీరిచ్చిన బూట్లలోనే పెట్టి పంపుతున్నాను.

కొండలెక్కే క్యాంపుకి ముందువైపు ఇనుప రేకున్న బూట్లే ఉండాలన్నారుగా మీరు. నమ్మి, రెండు జతల సాక్సులు వేసుకుని, మొన్న ప్రాక్టీసుకని కాలేజీ వాళ్లతో చిల్లకల్లు నుంచి వేదాద్రి దాకా నడిచాను. హవాయి చెప్పులేసుకున్న ఒక ముసలమ్మ నన్ను దాటిపోతూ, "కాళ్లకి ఇటుకలు కట్టుకున్నావేంటే పిల్లా?" అంది. మడమలు రెండూ బొబ్బలెక్కాయి.

మా సార్ కూడా నవ్వారు. "మనం రాళ్ల మీద నడుస్తామమ్మా, అవి మన మీద పడవు. తేలిక షూస్ చాలు" అన్నారు.

రాళ్లు మీద పడేది మీ సిమెంటు ఫ్యాక్టరీ క్వారీలో. ఫ్యాక్టరీలో ఏడాదికిచ్చే ఒక్క జతా నాకిచ్చేసి, మీరు వేళ్లు బయటికొచ్చిన పాతవాటితో డ్యూటీకి వెళ్తున్నారని దేవమణి పిన్ని చెప్పేసింది. ఆవిడని తిట్టకండి.

ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కదాన్నేనని పేటంతా చెప్పుకుంటారు కదా, ఈ ఒక్కసారి నా మాట వినండి. నేను కాన్వాసు షూస్‌తో వెళ్తాను. మా రైలు ఇరవై రెండున. ఈ బూట్లు తొడుక్కునే డ్యూటీకి వెళ్తున్నానని మీ చేత్తో రాసి, ఇరవయ్యో తేదీకల్లా నాకు అందేలా పంపండి. అందకపోతే రైలెక్కను.

మీ మొండితనమే వచ్చిన,
మీ అమ్మాయి
నందిగామ