మూడో రోజు గేటు తియ్యకు

శోశా, బాతుకు మసాలా పట్టించాను, రేపు చర్చి నుంచి రాగానే వండు. ఈస్టర్ ముందు యాభై రోజుల ఉపవాసం ఈ రాత్రితో అయిపోతుంది. ఏటా ఆ యాభై రోజులే మందు మానతాను. ఈస్టర్ భోజనంలో మీ అన్నయ్య పోసే గ్లాసుతో మళ్లీ తాగుడు మొదలు. అందుకే ఈసారి ఆ భోజనానికి ముందే, తాగుడు మాన్పించే ధ్యాన కేంద్రానికి మళ్లీ పోతున్నాను.

మూడో రోజు వచ్చి గేటు కొడతాను. పిల్లల మీద ఒట్టేస్తాను. యేసయ్యే ఇంటికి వెళ్లమన్నాడంటాను. నమ్మకు, అది ఆయన మాట కాదు. పోయినేడు ఇలాగే వస్తే జాలిపడి తీశావు. అప్పుడు నేను విరిచిన నీ చెయ్యి ఇప్పటికీ పైకి లేవడం లేదు, చూస్తూనే ఉన్నాను.

కురువిళ

బియ్యం డబ్బా అడుగున సీసా ఉంది. మోకరించి అడిగితే, అది ఎక్కడుందో నీకు చెప్పే ధైర్యం ఇచ్చాడు ప్రభువు. పారబోసే ధైర్యం ఇంకా రాలేదు. నువ్వే పారబొయ్యి, నేను బస్టాండు నుంచి వెనక్కి రాకముందే.