పాతవీధిలో కొలతల సారు

ఏప్రిల్ 28, సోమవారం

బడికి సెలవులు. కోటవురట్ల నుంచి నర్సీపట్నం హైస్కూలుకి డ్రాయింగ్ మాస్టారుగా వచ్చి మూడు నెలలైనా ఊరు సరిగా చూడలేదు. ఈరోజు నిర్ణయించుకున్నాను. ముప్పై రోజులు, పాతవీధిలో ముప్పై పాత ఇళ్లు. నడుస్తాను, ఫొటోలు తీస్తాను. బయట టిఫిన్ ముట్టను.

సిద్ధం చేసినవి: సెకండ్‌హ్యాండ్ కెమెరా, కొత్త బూట్లు, టోపీ, టేపు, నోట్‌బుక్కు.

"ఫోన్లో కెమెరా లేదేటండీ?" అంది నా భార్య సోఫియా. కళ గురించి ఇంట్లో వాదించకూడదని కూడా నిర్ణయించుకున్నాను.

ఏప్రిల్ 29. ఉదయం 6.05

ఇన్నాళ్లూ ఏం చేశానో తెలియదు. ఎంత అందమైన వీధి. బెల్లం వ్యాపారి మన్మథరావు గారి అరుగు దగ్గర కాళ్లు ఆగిపోయాయి. వాళ్ల తాతగారు కట్టించారట. నున్నగా, చల్లగా ఉంది. టేపు పట్టి కొలిచి పుస్తకంలో రాసుకున్నాను. ఫొటో కింద కొలతలుంటే హుందాగా ఉంటుంది.

నడక: 6,400 అడుగులు.

ఏప్రిల్ 30

టైలరు దేవుళ్లు మిషను ఆపి అడిగాడు. "రోడ్డు ఎన్నడుగులు పెంచుతారు సార్?"

"నాకేం తెలుసండీ. పాత ఇళ్లంటే ఇష్టం. ఫొటోలు తీసుకుంటున్నాను."

"అలాగే సెప్తారు లెండి. పైనుంచి ఆర్డరు ఉంటాది గదా," అని కాఫీ తెప్పించాడు.

నడక: 3,100. కాఫీలు: రెండు.

మే 2

నిన్న మేడే. సెలవుల్లో ఉన్నా సెలవు పాటించాను.

ఈరోజు ప్రతి అరుగు మీదా మనుషులు నా కోసం కూర్చుని ఉన్నారు. "ఎదురింటోళ్లదే మూడడుగులు ముందుకొచ్చింది సార్, అది రాసుకోండి," అన్నాడు ఒకాయన. ఎదురింటాయన కూడా అదే మాట అన్నాడు. టిఫిన్ వద్దంటే అధికారికి కోపం వచ్చిందని బెదిరిపోతున్నారు. వాళ్ల మనశ్శాంతి కోసం తిన్నాను.

ఉప్మా: రెండు. పెసరట్టు: ఒకటి. కాఫీలు: ఐదు. నడక: 900.

మే 3

సత్యలక్ష్మి గారి టేకు తలుపు మీద చెక్కిన చిలకలు మొన్న చూశాను. వాటి కోసమే బేగి లేచి వెళ్లాను. తలుపు నిండా ఆకుపచ్చ ఆయిల్ పెయింటు. చిలకలు దొరకలేదు.

"పాతిళ్లే పడగొడతారంట గదండీ," అన్నారావిడ. "మాదిప్పుడు కొత్తదే. రాసుకోండి."

మే 4, ఆదివారం

ఆరాధన అయ్యాక పాస్టరు గారు పక్కకి పిలిచి, చర్చి ప్రహరీ సంగతి కాస్త చూడమన్నారు.

మే 5

ఎండ. వెళ్లలేదు.

మే 6

బూటు కరిచింది.

మే 7

బూటు మళ్లీ కరుస్తుందేమోనని వెళ్లలేదు. బరువు చూసుకున్నాను. నడక మొదలుపెట్టాక కిలోన్నర పెరిగాను.

మే 8

వెళ్లకుండా ఉండాల్సింది.

మన్మథరావు గారి అరుగు లేదు. ఇటుకల కుప్ప ఉంది. పక్కనే గునపంతో ఆయన, చెమటలు కక్కుతూ, సంతోషంగా.

"మీరు కొట్టమనేదానికంటే అడుగెక్కువే కొట్టించీసేను సార్. మన వల్ల పని ఆగకూడదు. రాసుకోండి."

నేను ఇటుకల మీద కూలబడ్డాను. డ్రాయింగ్ మాస్టార్ననీ, ఏ ఆఫీసుకీ సంబంధం లేదనీ, ఆ అరుగు బాగుందని మాత్రమే కొలిచాననీ చెప్పాను. ఆయన గునపం కింద పెట్టి, వీధికి అటూ ఇటూ చూశాడు. తర్వాత నా చెవి దగ్గరకి వంగాడు.

"ఈ మాట ఎవరికీ సెప్పకండి. నానొక్కణ్ణే కొట్టుకున్నానంటే పరువు పోద్ది. ఎదురింటోడు కూడా కొట్టుకున్నాక సెప్పండి."

మే 9

కెమెరా బీరువాలో పెట్టేశాను. నిర్ణయం రద్దు. అన్నం సయించడం లేదు. ఒకరు కట్టిన దాన్ని నేను చూసినందుకే కూల్చుకున్నారు.

"నిజం సెప్పీయండి," అంది సోఫియా. "ఆ ఎదురింటాయన గునపం కొనకముందే సెప్పీయండి."

మే 12

కర్ర పట్టుకుని ఒక ముసలావిడ ఆటోలో మా ఇంటికి వచ్చింది. పేరు గున్నమ్మ. పాతవీధి చివరి ఇల్లు.

"అందరిళ్లూ రాసుకున్నారు, మాది వదిలీసేరు. పడగొట్టడానికైనా పనికిరాదేటి బాబూ?"

ఆమెకు మొత్తం చెప్పాను.

"ఉత్తినే, బాగుందని తీస్తారేటి ఫొటో?"

"అవునమ్మా."

నేలకేసి చూస్తూ కర్రతో రెండుసార్లు తట్టింది.

"అయితే మాది బాగోలేదా?"

ఆ ఇల్లు నేను చూడనేలేదు. కాఫీల దగ్గరే ఆగిపోయానని చెప్పడానికి సిగ్గేసింది.

మే 13. ఉదయం 5.50

మొదటి రోజు. ముప్పై రోజులు, ముప్పై ఇళ్లు. టేపు ఇంట్లోనే వదిలేశాను.

ప్రతి గుమ్మం దగ్గరా ఆగి, రోడ్డుతో నాకు ఏ సంబంధమూ లేదని చెప్పాను. ఎవరూ నమ్మలేదు. చివరికి దేవుళ్లు జాలిగా అడిగాడు. "సస్పెండ్ సేసేరా సార్?"

అవునన్నాను. వీధంతా తేలికపడింది. మన్మథరావు గారి ఎదురింటాయన గునపం లోపల పెట్టేశాడు. కాఫీ ఎవరూ ఇవ్వలేదు.

గున్నమ్మ ఇల్లు ఒంటి గది పెంకుటిల్లు. ఒక పక్కకి ఒరిగి ఉంది. గుమ్మానికి పసుపు రాసి, ఉతికిన చీర కట్టుకుని ఆమె నిలబడింది. ఫొటో తీసి చూపించాను.

"దీన్ని ఎక్కడికి పంపుతారు?"

"ఎక్కడికీ పంపనమ్మా. నా దగ్గరే ఉంటుంది."

"అంతేనేటి?" అని చీర కుచ్చిళ్లు సర్దుకుంది. "అయితే ఇంకోటి తియ్యి బాబూ. నా దగ్గరా ఒకటి ఉండాల."