మూడు వేళ్ల చెయ్యిని చెరపరాదు

ప్రెస్సులో డిజైన్ పని చేసే నేను, ఇరవై మూడేళ్లవాణ్ణి, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. నా బుర్ర చెడిందని మా అన్న నలుగురిలో అంటున్నాడు. చెడలేదు. రేపు ప్రెస్సు గేటు ముందు నిరాహార దీక్షకు కూర్చుంటున్నాను. మధ్యలో లేచే ఉద్దేశం లేదు కనుక ఈ కాగితం అవసరమైంది.

తెలియనివారి కోసం: అన్న పాడే రాక్ బ్యాండు తొలి ఆల్బమ్‌కు అట్ట బొమ్మ గీసింది నేను. తుఫాను మబ్బులో కటింగ్ మిషన్ బ్లేడు దాచాను. కింద ఫ్యాక్టరీ కిటికీలో మూడు వేళ్ల చెయ్యి దాచాను. అది ఈ ప్రెస్సులోనే కటింగ్ మిషన్ నడిపే మా బాబాయిది. పని త్వరగా తెమలాలని ప్రెస్సు ఓనరు ఆ మిషన్‌కున్న వేళ్లు బ్లేడు కిందికి పోకుండా ఆపే గార్డు తీయించాడు. రెండు వేళ్లు తెగిపోయాయి. బాబాయి ఆ రోజు పనికే రాలేదని ఓనరు బొంకాడు. చూసినవాళ్లు నోరు విప్పలేదు.

అదే ఓనరు తన ప్రెస్సులోనే ఆ అట్ట అచ్చేసి మురిసిపోయాడు. అభిమానులు చెయ్యిని కనిపెట్టాక గాని ఆయన కళ్లు తెరుచుకోలేదు. రెండో ముద్రణలో చెరిపేయమంటున్నాడు. అన్న తలూపాడు.

1. అసలు బొమ్మ, దానిపై సర్వహక్కులు బాబాయికి. ఒక్క గీత మార్చరాదు. చిత్రకారుల హక్కుల కరపత్రం నాకు కంఠతా వచ్చు. బెదిరింపులు చెల్లవు.

2. ఓనరుకు ఏమీ లేదు. ఆయన దండ నా శవాన్ని తాకరాదు. ఉచితంగా సంతాప పత్రం అచ్చేస్తానన్నా తీసుకోవద్దు.

3. "చిన్న చెయ్యేగా, ఎవడు చూస్తాడ్రా" అన్నాడు అన్న. స్టేజీ ఎక్కితే కూలీల కష్టం మీద గొంతు చించుకునేది ఈయనే. ఇద్దరం కలిసి కొన్న గిటారులో నా సగం ఆయనకే. నా జ్వరాలకు పక్కన కూర్చుని పాడినందుకు అది. అంతకు మించి చిల్లిగవ్వ లేదు.

4. ఆ చెయ్యి దెయ్యాల గుర్తని, రహస్య ముఠా సైగ అని పేజీలకు పేజీలు రాసిన అభిమాన సంఘం మేధావులకు నా భూతద్దం. ఈసారైనా మనిషిని చూసి ఏడవండి.

5. బ్యాండులో "చెరపొద్దు" అన్నది డ్రమ్స్ వాయించే అమ్మాయి ఒక్కతే. నా రంగులు, కుంచెలు ఆమెవి. దీన్ని అమలు చేసే బాధ్యతా ఆమెదే. ఆమెకు చెప్పాల్సిన ఇంకో మాట వీలునామాలో రాసేది కాదు.

6. సవరణ. ఇంతవరకు చదివి వినిపిస్తే, సాక్షి సంతకం తానే పెడతానన్నాడు బాబాయి. ఆస్తి పొందేవాడు సాక్షిగా ఉంటే ఆ ఆస్తి దక్కదని చెప్పాను. "బొమ్మ నాకెందుకురా, చెయ్యి నా దగ్గరే ఉందిగా. ఆ రోజు నాకు సాక్షి లేడన్నారు. ఇవాళ నేనే సాక్షిని. కాగితం ఇటు తే" అన్నాడు. కనుక ఒకటో అంశం కొట్టేశాను. బొమ్మ, హక్కులు డ్రమ్స్ అమ్మాయికి. షరతు అదే.

జూన్ పంతొమ్మిది, సాయంత్రం.

(సంతకం) అట్ట బొమ్మ గీసినవాడు

సాక్షులు:
1. బాబాయి, కటింగ్ మిషన్ ఆపరేటరు. కుడిచేత్తోనే, ఆ మూడు వేళ్లతోనే పెట్టాడు.
2. బైండింగ్ సెక్షన్ పెద్దావిడ. సంతకం కింద ఆమె తన చేత్తో రాసింది: "ఆ రోజు నేను పక్క మిషన్ దగ్గరే ఉన్నాను. చూశాను."