నర్సమ్మ తీసుకున్న తంబాకు డబ్బా

నందికొండ కట్ట క్యాంపు,
1962

డాక్టరు దొరవారికి రాళ్ల ముఠా మేస్త్రీ దండం పెట్టి రాసుకునేది.

మీ దవాఖానలో నా కోడలు యాదలక్ష్మి ఆడపిల్లను కన్నది. ఆ పిల్ల నిద్రలో ఊపిరి ఆపేస్తోంది. పెదవులు నల్లబడతాయి, అరికాలు తడితే మళ్లీ పీలుస్తుంది. ఇదంతా మీకు తెలిసిందే. నా ఫిర్యాదు మీ నర్సమ్మ మీద.

ఆవిడ కోడలి తలకింది తంబాకు డబ్బా తీసుకుంది. వేవిళ్లప్పుడు వాంతులు ఆగడానికి చిగుళ్లకు రాసుకోమని నా భార్య ఈదమ్మ ఇచ్చిన డబ్బా అది. అడిగితే నర్సమ్మ, "కడుపుతోటి ఉన్నప్పుడు తంబాకు పెట్టుకుంటే పిల్లకు ఊపిరి గిట్లనే ఆగుతది, తాతా" అన్నది. నేను నమ్మలేదు. తన మగడి కోసం దాచిందేమోనని కనిపెట్టి చూశాను. ఆవిడ దాన్ని పొయ్యిలో గుమ్మరించింది. మంచి సరుకును ఊరికే ఎవరు కాలుస్తారు? తన తప్పేదో కప్పిపుచ్చుకుంటోందని నా అనుమానం. ఈదమ్మ కూడా "గామె దొంగది, దొరకు రాయి" అన్నది.

తంబాకుతో ఏమీ కాదనడానికి నా దగ్గర రుజువుంది. ఈదమ్మ ఐదు కాన్పుల్లోనూ తంబాకు మానలేదు. ఇద్దరు కొడుకులు రాళ్లు మోస్తున్నారు. మిగిలిన ముగ్గురూ పురిట్లోనే, నిద్రలో, పెదవులు నల్లబడి పోయారు. దిష్టి అనుకున్నాం.

ఇంతవరకు రాసి, మళ్లీ చదువుకున్నాను.

దొరవారూ, డబ్బా ఇప్పించనక్కరలేదు. కోడలికి ఇక తంబాకు అందకుండా నేను చూసుకుంటాను. ఈదమ్మ డబ్బా కోసం వస్తే మాత్రం, పిల్ల ఊపిరి ఎందుకు ఆగుతోందో చెప్పకుండా, డబ్బా నేనే ఎత్తుకుపోయానని నర్సమ్మను ఒప్పుకోమనండి.